పాలపళ్లు వేళకు ముందే ఊడితే

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో, మిర్యాలగూడ నుంచి కోదాడ వెళ్లే దారిలోని నేరేడుచర్ల పరిసరాల్లో సైతం, పిల్లల పళ్ల జబ్బు అనగానే ముందుగా ఫ్లోరైడ్ నీళ్లు గుర్తుకు రావడం సహజమే అయినా, ఫ్లోరైడ్ పంటి పైపొర అయిన ఎనామెల్‌పై మచ్చలు, గార తెస్తుందే గాని పంటిని పట్టి ఉంచే దవడ ఎముకను కరిగించదు. పాలపళ్లు ఆరో ఏట ఊడడం మొదలవ్వాలి. మూడు, నాలుగేళ్లకే చిగుళ్లు వాచి, రక్తమోడి, పుచ్చులేని పళ్లు సైతం కదిలి రాలిపోతుంటే వైద్యుడు ఆ బిడ్డ రక్తాన్ని కూడా పరీక్షించాలి.

పంటికీ చిగురుకూ నడుమనున్న సన్నని సందులో అందరికీ బ్యాక్టీరియా ఉంటుంది. దాన్ని అక్కడే నిలువరించేది న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణం; అది రక్తనాళపు గోడకు అతుక్కొని, ఆ గోడను దాటి, సూక్ష్మజీవి ఉన్న చోటికి చేరి దాన్ని మింగేస్తుంది. అతుక్కోవడానికి తోడ్పడే సీడీ18 అనే ప్రొటీన్ పుట్టుకతోనే కొరవడిన పిల్లల్లో తెల్లకణాలు రక్తంలో గుట్టలుగా పేరుకున్నా చిగురును చేరలేవు. వీరిలో చాలామందికి పసితనంలో బొడ్డుతాడు ఆలస్యంగా ఊడుతుంది. 1924లో ఫ్రెంచి వైద్యులు పాపియాన్, లెఫెవ్ర్ వర్ణించిన మరో వ్యాధిలో పళ్లు రాలడంతో పాటు అరచేతులు, అరికాళ్లు మందంగా బిరుసెక్కుతాయి. న్యూట్రోఫిల్‌లోని ఆయుధాల వంటి ఎంజైములను సిద్ధపరిచే కెథెప్సిన్ సి అనే ఎంజైము జన్యువు చెడడమే దీనికి మూలమని 1999లో తేలింది. కొచ్చి యూదుల కుటుంబాల్లో 1965లో గుర్తించిన హైమ్-మంక్ వ్యాధికీ ఆ జన్యువే కారణం.

బ్యాక్టీరియా పాత్ర తక్కువదేమీ కాదు. అగ్రిగేటిబ్యాక్టర్ ఆక్టినోమైసెటెమ్‌కామిటాన్స్ అనే జీవి విడుదల చేసే ల్యూకోటాక్సిన్ అనే విషం, సీడీ18 ఉన్న గ్రాహకాన్నే పట్టుకొని తెల్లకణాన్ని చంపుతుంది. అయితే 2014లో అమెరికా పరిశోధకులు చూపినదాని ప్రకారం, సీడీ18 లోపంలో ఎముక కరగడానికి బ్యాక్టీరియా దాడి ఒక్కటే కారణం కాదు; చిగురుకు న్యూట్రోఫిళ్లు రాకపోవడంతో ఐఎల్-17 అనే వాపు సంకేతం అదుపు తప్పి, శరీరమే తన ఎముకను తినేస్తుంది. ఈ పరిశోధన చికిత్స దిశనే మార్చింది: ఆ సంకేతాన్ని అణచే మందుతో ఒక రోగి చిగుళ్లు కుదుటపడిన సంగతి 2017లో వెలువడింది.

ఈ జన్యులోపాలు అరుదైనవే. కానీ తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగా ఉంటూనే చెడిన జన్యువును మోస్తే ప్రతి కాన్పులోనూ బిడ్డకు నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది గనుక, మేనరికాలు ఇంకా జరుగుతున్న మన ప్రాంతంలో తల్లిదండ్రులు దగ్గరి బంధువులేమో వైద్యుడు తప్పక అడగాలి. అంతేగాని, చాక్లెట్లు పెట్టిందనీ, పళ్లు తోమలేదనీ తల్లిని నిందించడం అన్యాయం. నార్కట్‌పల్లిలోని దంత వైద్య కళాశాల ఈ ప్రాంతానికి అందుబాటులో ఉంది. జన్యు పరీక్షకు హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థ ఉన్నాయి. పాపియాన్-లెఫెవ్ర్ పిల్లలకు యాంటీబయాటిక్‌లతో, లోతైన శుభ్రతతో పాటు, నిలవని పాలపళ్లను శాశ్వత దంతాలు మొలవక ముందే తీసివేస్తారు. ఆ పళ్ల చుట్టూ ఉన్న బ్యాక్టీరియా కొత్త పళ్లకు అంటకుండా చూడడమే దాని ఉద్దేశం.