నిమిషానికి అరవై మంది: మెట్రో గేటు వెనుక లెక్క

పట్టణ రైల్వేల్లో చార్జీ వసూలు చేయడం కంటే, వసూలైన చార్జీని ప్రయాణికుడి నడకకు అడ్డు రాకుండా సరిచూడటమే కష్టమైన పని. దూరప్రయాణాల రైల్లో టికెట్ తనిఖీకి గంటల వ్యవధి చిక్కుతుంది కనుక టీసీ తీరిగ్గా ఒక్కొక్క బోగీ చూసుకుంటూ వెళ్లగలడు. రెండు మూడు నిమిషాలకొక స్టేషన్ వచ్చి, ప్రతిచోటా వందల మంది ఎక్కి దిగే నగర రైల్లో ఆ వెసులుబాటు ఉండదు కాబట్టి, తనిఖీ స్టేషన్ గుమ్మంలోనే, మనిషి నడుస్తుండగానే జరిగిపోవాలి. ఆ పనిని టికెట్ కలెక్టరు చేతి నుంచి తీసుకుని యంత్రానికి అప్పగించగా ఏర్పడినదే, మెట్రో సిబ్బంది ఏఎఫ్‌సీ గేటు అని పిలిచే స్వయంచాలక చార్జీ గేటు. టికెట్ లేని ప్రయాణాలను అరికట్టడానికే ఇది పుట్టిందని సాధారణంగా అనుకుంటారు గానీ, దాన్ని రూపొందించినవారిని ఎక్కువగా వేధించినది రద్దీయేనని ఆ చరిత్ర చదివితే అర్థమవుతుంది.

చార్జీ విధానం ఎంత సరళమైతే గేటు అంత సరళంగా ఉండవచ్చుననడానికి న్యూయార్క్ మంచి ఉదాహరణ. 1904లో అక్కడి సబ్‌వే ప్రారంభమైననాడు ఎంత దూరం వెళ్లినా చార్జీ ఐదు సెంట్లే. మొదట కాగితపు టికెట్లను ద్వారం దగ్గర సిబ్బంది సమక్షంలో ఒక పెట్టెలో వేయించి ముక్కలు చేసేవారు. 1920ల నాటికి ఐదు సెంట్ల నాణెం వేస్తే తిరిగే కమ్మీల గేట్లు వచ్చాయి. ఎక్కడ దిగినా చార్జీ ఒకటే కాబట్టి, బయటికి వెళ్లేవారిని ఆ గేటు అడగవలసింది ఏమీ లేదు. 1948లో చార్జీ పది సెంట్లకు పెరిగినా దానికీ ఒక నాణెం ఉంది గనుక ఇబ్బంది రాలేదు. 1953లో పదిహేను సెంట్లు చేయవలసి వచ్చేసరికి, అంత విలువ గల నాణెం అమెరికాలో లేకపోవడంతో, ప్రత్యేకంగా టోకెన్ ముద్రించి అమ్మారు. టోకెన్ పద్ధతి అక్కడ 2003 దాకా సాగింది.

దూరాన్ని బట్టి చార్జీ వసూలు చేసే చోట ఇంత తేలికగా తేలదు. ప్రయాణికుడు ఎక్కడ ఎక్కాడు, ఎక్కడ దిగుతున్నాడు, చెల్లించిన సొమ్ము ఆ దూరానికి సరిపోయిందా అనే మూడు ప్రశ్నలకూ గేటు సమాధానం తెలుసుకోవాలి కనుక, లోపలికి వెళ్లేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ కూడా తనిఖీ తప్పదు. జపాన్‌లో ఈ పనిని దశాబ్దాలపాటు మనుషులే చేశారు: స్టేషన్ ద్వారంలో నడుమెత్తు గూళ్లలో నిలబడిన ఉద్యోగులు ప్రతి టికెట్‌కూ చేతి పంచ్‌తో గంటు పెట్టి లోపలికి పంపేవారు, దిగేచోట మరికొందరు ఆ టికెట్లను తీసుకునేవారు, నెలవారీ పాసులనైతే కంటితో చూసి వదిలేవారు. 1960లలో ఆర్థికవ్యవస్థ వేగంగా పెరిగి, శివారు కాలనీల నుంచి ఉదయాన్నే నగరానికి వచ్చే ఉద్యోగుల సంఖ్య విపరీతమయ్యేసరికి ఈ పద్ధతి తట్టుకోలేకపోయింది.

పరిష్కారం రాజధాని టోక్యో నుంచి కాక, పశ్చిమాన ఉన్న ఒసాకా ప్రాంతపు ప్రైవేటు రైల్వేల నుంచి వచ్చింది. ఒసాకా విశ్వవిద్యాలయం, కింటెట్సు రైల్వే కలిసి చేసిన కృషితో 1965లో తొలి యంత్రాలు ఏర్పాటయ్యాయి. ఆపైన, నేడు ఓమ్రాన్‌గా పేరుపొందిన క్యోటో సంస్థ తాతేయిషి ఎలక్ట్రిక్ మెరుగుపరచిన గేట్లను 1967 మార్చిలో హాంక్యూ రైల్వే తన కితాసెన్రి స్టేషన్‌లో నెలకొల్పింది. అది సెన్రి అనే కొత్త ఉపనగరానికి ముఖద్వారం, అంటే ఉదయపు రద్దీకి తగిన పరీక్షాస్థలం. 1971 నాటికి ఇవి 19 స్టేషన్లకు విస్తరించాయి; ఎలక్ట్రికల్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థ ఐఈఈఈ 2007లో ఈ కృషిని సాంకేతిక చరిత్రలోని మైలురాళ్లలో ఒకటిగా గుర్తించింది.

ఆ తొలి గేట్లలో పాసులకు చిల్లుల గుర్తులనూ, విడి టికెట్లకు వెనుకవైపు అయస్కాంత పూతనూ వాడారు. క్యాసెట్ టేపు మీద పాట నిలిచినట్టే, ఈ పూత మీద ఎక్కిన స్టేషన్, చార్జీ, తేదీ సంకేతరూపంలో నిలుస్తాయి. చదవడం కంటే పెద్ద చిక్కు టికెట్‌ను సరిగా నిలబెట్టడంలో వచ్చింది. పరుగున వచ్చే మనిషి బొటనవేలంత టికెట్‌ను తిన్నగా పెడతాడన్న నమ్మకం లేదు. అది అడ్డంగా, ఏటవాలుగా, తలకిందులుగా ఎలాగైనా లోపలికి పోవచ్చు. బెల్టు మీద పరుగెత్తే టికెట్ దారిలో ఒక పక్కగా చిన్న అడ్డు ఉంచితే, దాన్ని తాకిన అంచు ఆగి మిగతా భాగం తిరిగి, టికెట్ తనంతట తానే నిలువుగా సర్దుకుంటుందని ఇంజనీర్లు కనుగొన్నారు. వాగులో కొట్టుకువస్తున్న వెదురాకు రాయికి తగిలి తిరగడం చూసిన ఒక ఇంజనీరుకు ఈ ఆలోచన తట్టిందని జపాన్‌లో చెప్పుకుంటారు. ఆ తరువాతి దశాబ్దాల్లో మెరుగుపడిన యంత్రాలు టికెట్‌ను లాక్కుని, సర్ది, చదివి, లెక్క చూసి, ప్రవేశ వివరాలు రాసి, చిల్లు పెట్టి, అవతలి కొసన బయటికి తోయడానికి ఒక సెకను కూడా తీసుకోవు. మనిషి నడిచి అక్కడికి చేరేసరికి టికెట్ అతని కోసం ఎదురుచూస్తుంటుంది.

గేటు రెక్కల విషయంలో రెండు సంప్రదాయాలు ఏర్పడ్డాయి. లండన్‌లో మాదిరిగా చాలా నగరాల్లో గేటు మూసి ఉండి, టికెట్ సరైనదైతేనే తెరుచుకుంటుంది. జపాన్‌లో గేటు సాధారణంగా తెరిచే ఉండి, లోపం కనిపిస్తేనే మూసుకుంటుంది. ప్రతి మనిషికీ రెక్కలు తెరిచి మూయనక్కరలేదు కాబట్టి కాలం కలిసివస్తుంది, యంత్రం అరుగుదల తగ్గుతుంది. అయితే ఒకరి వెనుక ఒకరు అతుక్కుని వెళితే పసిగట్టడానికి గేటు పక్కగోడల్లో వరుసగా అమర్చిన కాంతి సెన్సార్లు మనిషినీ, సంచినీ, వెంట నడిచే పిల్లవాడినీ వేరుగా గుర్తించాలి. లండన్ 1964లోనే స్టామ్‌ఫర్డ్ బ్రూక్ స్టేషన్‌లో గేట్లను పరీక్షించి, 1968లో తెరిచిన విక్టోరియా లైనులో ప్రవేశపెట్టినా అవి నిలదొక్కుకోలేదు. అక్కడ గేట్లు విస్తృతంగా వచ్చింది 1980ల చివరలోనే. 1987 నవంబరులో కింగ్స్ క్రాస్ స్టేషన్ అగ్నిప్రమాదంలో 31 మంది చనిపోయాక, భూగర్భంలో ఏ అడ్డంకి అయినా ఆపదవేళ ఎలా తొలగుతుందన్న ప్రశ్న మరింత తీవ్రమైంది. అందుకే కరెంటు పోయినా, కంట్రోలు గది నుంచి ఆదేశం వచ్చినా రెక్కలు వాటంతట అవే తెరుచుకునేలా గేట్లను తయారుచేస్తారు. ఆపవలసిన యంత్రానికి ఆపలేకపోయే స్థితిని ముందుగానే నిర్ణయించి పెట్టడం తేలికగా తీసుకోదగిన విషయం కాదు.

ప్రవేశ వివరాలను టికెట్ మీదే రాయడం వల్ల మరొక ఉపయోగం ఉంది. ఎక్కేచోట కనీస చార్జీ టికెట్, దిగేచోట దగ్గరి దూరానికి చెల్లే పాసు చూపి, మధ్య దూరమంతా ఉచితంగా తిరిగే మోసం జపాన్‌లో పాతది. రెండు కొసలా లోహమూ నడుమ వట్టి వెదురూ ఉండే, పొగాకు పీల్చే గొట్టం పేరుతో దాన్ని అక్కడ కిసెరు ప్రయాణం అంటారు. లోపలికి వచ్చిన గుర్తు లేని పాసును బయటి గేటు తిరస్కరిస్తే ఈ యుక్తి చాలావరకు పారదు.

టోక్యో ప్రాంతంలో గేట్లు విస్తృతంగా వచ్చింది జాతీయ రైల్వేలు 1987లో ప్రైవేటు సంస్థలుగా విడిపోయిన తరువాతే. అక్కడి జేఆర్ ఈస్ట్ సంస్థ 2001 నవంబరు 18న 424 స్టేషన్లలో సుయికా అనే స్పర్శ కార్డును ప్రారంభించింది. కార్డులో బ్యాటరీ ఉండదు. గేటు వెలువరించే రేడియో తరంగాలే దానికి శక్తినిస్తాయి. నిమిషానికి 60 మంది దాటాలంటే ఒక్కొక్కరికి దక్కేది ఒక సెకను, అందులో కార్డు తరంగాల పరిధిలో నిలిచేది సెకనులో ఐదో వంతు మాత్రమే. ఆ కాస్త వ్యవధిలో గేటు కార్డును గుర్తించి, అసలుదో నకిలీదో తేల్చి, నిల్వ చదివి, కొత్త నిల్వ రాసి, రాసినది నిలిచిందో లేదో సరిచూసుకోవాలి. తొలి ప్రయోగాల్లో చాలామంది కార్డును గాలిలో ఊపి వెళ్లిపోవడంతో యంత్రం చదవలేకపోయింది. రూపశిల్పి యమనాకా షున్‌జి రకరకాల నమూనాలతో మనుషుల నడకను గమనించి, కార్డు ఆనించే పలకను ప్రయాణికుడి వైపు సుమారు 13 డిగ్రీలు వంచి, దాన్ని వెలుగుతో స్పష్టంగా చూపితే చేయి సహజంగానే ఒక క్షణం అక్కడ ఆగుతుందని తేల్చాడు. ఎలక్ట్రానిక్స్ పరిష్కరించలేని చిక్కును ఒక వాలు పలక పరిష్కరించిందన్నమాట.

నిర్ణయం సెకనులో ఐదో వంతులో జరగాలంటే ప్రతిసారీ కేంద్ర కంప్యూటరును అడిగే వీలు లేదు. అందుకే పోయిన కార్డుల, చెల్లని కార్డుల జాబితాను గేట్లలోకి ముందే పంపి ఉంచుతారు. 2007 అక్టోబరు 12 ఉదయం టోక్యో పరిసరాల్లో 660కి పైగా స్టేషన్లలో గేట్లు పనిచేయకుండా పోవడానికి కారణం ఆ జాబితాను చదివే సాఫ్ట్‌వేర్‌లోని లోపమే. అధికారులు గేట్లు తెరిచి సుమారు 26 లక్షల మందిని ఊరికే వెళ్లనిచ్చారు, ఎందుకంటే ఒక పూట చార్జీ నష్టం కంటే ఆ జనాన్ని ద్వారాల దగ్గర నిలిపివేయడం ఎన్నో రెట్లు ప్రమాదకరం.

భారతదేశంలో 1984లో మొదలైన కలకత్తా మెట్రో అయస్కాంత టికెట్ల దారి పట్టగా, 2002 డిసెంబరులో ప్రారంభమైన ఢిల్లీ మెట్రో ఆ దశను దాటేసి నేరుగా చిప్ టోకెన్లు, స్పర్శ కార్డులతో మొదలైంది. 2017 నవంబరులో ప్రారంభమైన హైదరాబాద్ మెట్రో కూడా అదే బాట అనుసరించింది. ఎక్కేటప్పుడు టోకెన్‌ను ఆనించి, దిగేటప్పుడు గేటు గాడిలో వేయడం అక్కడి ప్రయాణికులకు అలవాటే. మియాపూర్ నుంచి వచ్చినవారు అమీర్‌పేటలో నీలిరంగు లైనుకు మారేటప్పుడు మళ్లీ గేటు దాటనక్కరలేదు, ఎందుకంటే లైను మారే దారి కూడా చార్జీ చెల్లించినవారికే పరిమితమైన ఆవరణలో ఉంటుంది.

ఇప్పుడు టోకెన్ల స్థానంలోకి క్యూఆర్ టికెట్ వస్తోంది. గేటు వేగం దృష్ట్యా ఇది ఒకడుగు వెనక్కే: ఫోను తీసి, టికెట్ తెరిచి, తెర వెలుగు పెంచి, అద్దం మీద సరైన దూరంలో పట్టుకునే లోపు వెనుక వరుస పెరుగుతుంది. అయినా రవాణా సంస్థలు దాన్ని ఇష్టపడటానికి కారణం వేరే చోట ఉంది. కౌంటర్ దగ్గర క్యూ తగ్గుతుంది, జేబుల్లో ఉండిపోయే టోకెన్ల నష్టం తప్పుతుంది, గేట్లలో పోగైన టోకెన్లను రాత్రిళ్లు ఏరి, లెక్కపెట్టి, తిరిగి ఏ స్టేషన్‌కు ఎన్ని కావాలో అన్ని పంచే చాకిరీ తప్పుతుంది.