శాకాహారానికి గిరాకీ - మెట్టచేల సంగతి

సదుం, పుంగనూరు ప్రాంతపు మెట్టరైతుల ఇండ్లలో రాగి సంగటి, వేరుశనగ ఊరిబిండి, అనపగింజల పులుసు తరతరాలుగా వాడుకలో ఉన్న భోజనం. నేడు పాశ్చాత్య దేశాలలో కూడ మాంసం తగ్గించి గింజలు, పప్పులు తినాలనే కోరిక పెరుగుతున్నది. ఈ మార్పు ప్రపంచ వ్యవసాయానికి ఏమి చేయగలదు?

పశువు తిన్న మేతలో అధికభాగం దాని దేహపోషణకు, కదలికకు ఖర్చయిపోతుంది. మాంసంగా, పాలుగా తిరిగివచ్చేది స్వల్పం. పూర్, నెమెచెక్ అనే శాస్త్రజ్ఞులు 2018లో ప్రకటించిన అంచనా ప్రకారం, పచ్చికబీళ్లతో సహా ప్రపంచ వ్యవసాయభూమిలో సుమారు 83 శాతం మాంసం, పాలు, గుడ్లు, పెంపుడు చేపల కొరకే వినియోగమవుతున్నది. వాటి నుండి మానవునికి లభించే ఆహారశక్తి మాత్రం 18 శాతమే. గింజలను మనిషే నేరుగా తింటే ఎంతో నేల మిగులుతుందన్నమాట.

అయితే ఇందులో ఒక చిక్కు కలదు. దక్షిణ అమెరికాలోని బొలీవియా పీఠభూమిలో కినోవా అనే గింజ పండుతుంది. పూర్వం కొండవాలులలో కినోవా పండించి, మైదానాలలో లామాలనే ఒంటెజాతి జంతువులను మేపేవారు. విదేశాలలో గిరాకీ పెరిగి ధర హెచ్చగానే, ఆ బీళ్లను ట్రాక్టర్లతో దున్ని కినోవా వేశారు. లామాలు తగ్గి పేడ ఎరువు కొరవడింది. పైమన్ను గాలికి కొట్టుకుపోయింది. ఇతర దేశాలు కూడ సాగుకు దిగడంతో 2014 తర్వాత ధర పడిపోయింది.

రాగి పండే సీమలకు ఇది పాఠం. భారతదేశపు ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. తెల్లబియ్యంలో అది సుమారు 10 మిల్లీగ్రాములే. కనుక రాగికి గిరాకీ పెరగడం సహజం. కాని రాగి నేలలోని నత్రజనిని తీసుకొనే పైరు. దానిని తిరిగి నేలకు చేర్చేవి రెండు. ఒకటి అనప, ఉలవ, కంది వంటి పప్పుజాతి పైర్లు. వాటి వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. రెండవది పశువుల ఎరువు.

ఈ సీమకు చెందిన పొట్టి పుంగనూరు ఆవు మనిషి తినలేని రాగిగడ్డి, వేరుశనగ కట్టె తిని బ్రతుకుతుంది. అది మనిషి గింజకు పోటీ రాదు. పైగా పేడను, పాలను ఇస్తుంది. మొక్కలలో లభించని బి-12 విటమిన్ ఆ పాలలో ఉన్నది.

గిరాకీని చూసి రాగి ఒక్కటే వేసి, పప్పుపైరును, పశువును విడిచిన చేను క్రమంగా నిస్సారమవుతుంది. మూడూ కలిసి ఉన్న చేనే మనిషికి, నేలకు కూడ తిండి పెట్టగలదు.