సౌదీలో సేవాసంఘాలకు నిధులు: తెరిచిన తలుపులు, దాటకూడని గడపలు

సౌదీ అరేబియాలో ధర్మకార్యాలకు డబ్బు ప్రధానంగా మూడు దారుల్లో వస్తుంది. స్థోమత ఉన్న ముస్లిం, ఏడాదిపాటు తన దగ్గర నిలిచిన సొమ్ములో రెండున్నర శాతం విధిగా తీసి ఇచ్చేది జకాత్. తోచినప్పుడు తోచినంత ఇచ్చేది సదఖా. భూమినో భవనాన్నో తోటనో అమ్మకుండా, వారసులకు పంచకుండా, దాని రాబడిని శాశ్వతంగా ధర్మానికి రాసిచ్చేది వక్ఫ్. ఇవి గాక ప్రభుత్వ ఖజానా ఉంది, పెద్ద కంపెనీల సామాజిక బాధ్యత నిధులున్నాయి. ఇంత డబ్బున్న దేశంలోనూ ఒక చిన్న సేవాసంఘానికి గ్రాంటు రావడమా రాకపోవడమా అన్నది ముందుగా ఒకే కాగితం తేలుస్తుంది. అది లైసెన్సు. లైసెన్సున్న సంఘం తట్టడానికి చాలా తలుపులున్నాయి. లేని సంఘం పది రియాళ్లు చందా పోగుచేసినా నేరమే.

ఈ కట్టుదిట్టం వెనుక కారణం ఉంది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత, ధర్మం పేరిట పోగైన డబ్బు ఎటు పోతోందన్న ప్రశ్న సౌదీని చుట్టుముట్టింది. 2003లో రియాద్‌లోనే బాంబు దాడులు జరిగాయి. ఆ ఏడాదే మసీదుల్లో, దుకాణాల్లో ఉండే చందా పెట్టెలను ప్రభుత్వం తీయించింది. నగదు రూపంలో, రసీదు లేకుండా, ఎవరికో చేతికిచ్చే దానానికి అప్పటినుంచి రోజులు చెల్లాయి. విదేశాలకు వెళ్లే సాయానికి 2015లో కింగ్ సల్మాన్ మానవతా సహాయ కేంద్రం ఏర్పడింది. సౌదీ నుంచి బయటి దేశాలకు పంపే విరాళాలకు అదే అధికారిక మార్గం.

సేవాసంఘాలను గుర్తించే చట్టం కూడా 2015 చివరలోనే వచ్చింది. సంఘాలు, ఫౌండేషన్ల చట్టం అని దానికి పేరు. దాని ప్రకారం సంఘం పెట్టాలంటే కనీసం పదిమంది సౌదీ పౌరులు వ్యవస్థాపకులుగా ఉండాలి. సర్వసభ్య సమావేశం, పాలకమండలి, ఏటా ఆడిట్ చేసిన లెక్కలు తప్పనిసరి. ఫౌండేషన్ సంగతి వేరు. ఒక వ్యక్తో ఒక కుటుంబమో తన సొమ్ముతో దాన్ని పెట్టుకోవచ్చు. సంఘం సేవ చేస్తుంది, ఫౌండేషన్ చాలాసార్లు ఆ సేవకు డబ్బిస్తుంది. గ్రాంటు వ్యవహారమంతా ఈ రెండింటి మధ్య నడిచేదే. చట్టంలోనే సంఘాలకు చేయూతగా ఒక సహాయ నిధి ఏర్పాటు కూడా ఉంది. తర్వాత 2019లో లాభాపేక్ష లేని రంగానికి ఒక జాతీయ కేంద్రాన్ని నెలకొల్పాలని మంత్రివర్గం నిర్ణయించింది. లైసెన్సులు, పర్యవేక్షణ ఇప్పుడు ఆ కేంద్రం చేతిలో ఉన్నాయి.

ప్రభుత్వానికి ఈ రంగం మీద ఇంత శ్రద్ధ కలగడానికి విజన్ 2030 కారణం. 2016 ఏప్రిల్‌లో ప్రకటించిన ఆ ప్రణాళికలో రెండు లక్ష్యాలు స్పష్టంగా ఉన్నాయి. స్థూల దేశీయోత్పత్తిలో ఒక శాతం కూడా లేని సేవారంగం వాటాను 5 శాతానికి పెంచడం ఒకటి. అప్పట్లో 11,000 మందే ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలను ఏడాదికి 10 లక్షలకు చేర్చడం రెండోది. దాంతో నిధులిచ్చేవాళ్ల ధోరణి మారింది. రంజాన్ నెలలో బియ్యం, ఖర్జూరం, నూనె మూటగట్టి పంచడం ఒకప్పుడు సేవకు ఆనవాలు. ఇప్పుడు గ్రాంటిచ్చేవాళ్లు అడిగే ప్రశ్న వేరు: ఆ కుటుంబం వచ్చే రంజాన్‌కి మళ్లీ వరసలో నిలబడకుండా ఏం చేశారు? వితంతువుకు కుట్టుపని, యువకుడికి ఉద్యోగ శిక్షణ, వికలాంగుడికి పనిచోటు చూపే సంఘానికి ఈ రోజు ఎక్కువ మన్నన. ఇది మంచి మార్పే. ఆకలి తీర్చడం ఆగకూడదు గానీ, అక్కడితో ఆగిన సేవ పేదవాణ్ణి పేదవాడిగానే ఉంచుతుంది.

డబ్బిచ్చే సంస్థల్లో కింగ్ ఖాలిద్ ఫౌండేషన్ పేరు ముందు వస్తుంది. 1975 నుంచి 1982 వరకు దేశాన్నేలిన రాజు ఖాలిద్ పేరిట 2001లో ఏర్పడిన ఈ సంస్థ చిన్న సంఘాలకు గ్రాంట్లతో పాటు వాటిని నడిపేవాళ్లకు శిక్షణ కూడా ఇస్తుంది. ఈ రెండో పనికే విలువెక్కువ. లెక్కలు రాయడం, ఫలితాన్ని కొలవడం చేతకాని సంఘానికి ఒకసారి వచ్చిన గ్రాంటు రెండోసారి రాదు. వ్యక్తుల వక్ఫ్‌లలో పెద్దవాటిలో ఒకటి సులైమాన్ అల్ రాజ్హీది. పేదరికంలో పుట్టి, కూలిపనితో మొదలుపెట్టి బ్యాంకరై, సోదరులతో కలిసి అల్ రాజ్హీ బ్యాంకును నిలబెట్టిన ఆయన, బతికుండగానే ఆస్తిలో అధికభాగాన్ని పిల్లలకూ వక్ఫ్‌కూ పంచేశారు. 2012లో ఆయనకు కింగ్ ఫైసల్ పురస్కారం దక్కింది. ఖసీమ్ ప్రాంతంలో ఆయన వక్ఫ్‌కు సుమారు 2 లక్షల చెట్ల ఖర్జూర తోట ఉంది. ప్రపంచంలోని అతి పెద్ద ఖర్జూర తోటల్లో అదొకటి. ఆ కాపు, ఆ రాబడి ధర్మానికే చెందుతాయి.

వక్ఫ్ బలం తెలియాలంటే మక్కా, మదీనాలను చూడాలి. మదీనాలో మూడో ఖలీఫా ఉస్మాన్ కొని జనానికి వదిలిన రూమా బావి వక్ఫ్‌లలో తొలితరానిది. మక్కాలో గడియార గోపురమున్న హోటళ్ల సముదాయం కింగ్ అబ్దుల్ అజీజ్ పేరిట ఉన్న వక్ఫే. తెలుగు నేలకూ ఈ సంప్రదాయంలో చోటుంది. నిజాంల కాలంలో హైదరాబాద్ సంస్థానం తరఫున మక్కా, మదీనాల్లో యాత్రికుల కోసం రుబాత్‌లు ఏర్పడ్డాయి. రుబాత్ అంటే ఉచిత వసతి గృహం. మక్కాలోని పెద్ద మసీదు విస్తరణలో పాత కట్టడాలు పోయినా వక్ఫ్ మాత్రం పోలేదు. పూర్వపు సంస్థానంలోని తెలంగాణ, మరఠ్వాడా, కర్ణాటక జిల్లాల హజ్ యాత్రికులు ఇప్పటికీ ఆ వసతికి అర్హులే. సంస్థానం మాసిపోయి 75 ఏళ్లు దాటినా దాని ధర్మం నడుస్తోంది. ఒకసారి ఖర్చయిపోయే గ్రాంటుకూ, రాబడినిచ్చే ఆస్తికీ తేడా ఏమిటో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ తెలుగు పాఠకుడికి దొరకదు.

గ్రాంటు కోరే సంఘాన్ని అడిగేవి ఎక్కడైనా దాదాపు ఒకటే. లైసెన్సు నంబరు, సంఘం పేరు మీదే బ్యాంకు ఖాతా, ఆడిట్ నివేదిక, ఎంతమందికి ఏ మేలు జరుగుతుందో చెప్పే పథకం, ఖర్చు అంచనా. వీటికి తోడు సౌదీలో సంఘాల పాలనకు మార్కులు వేసే పద్ధతి వచ్చింది. నిబంధనల పాటింపు, పారదర్శకత, ఆర్థిక భద్రత అనే మూడు అంశాల మీద సంఘాలను అంచనా కడతారు. మార్కులు తక్కువైతే దాతకు నమ్మకం తగ్గుతుంది. సామాన్యుల విరాళాలు కోరే సంఘాలకు 2021లో మొదలైన ఎహ్సాన్ వేదిక మరో దారి. గుర్తింపున్న సంఘాల అవసరాలు అందులో కనిపిస్తాయి, దాత ఫోనులోంచే పది రియాళ్లయినా ఇవ్వవచ్చు. అప్పు తీర్చలేక జైల్లో ఉన్నవాళ్ల బాకీని ఇతరులు తీర్చి విడిపించే ఫురిజత్ సేవ కూడా ఆన్‌లైన్‌లోనే నడుస్తోంది.

ఇక అక్కడ బతికే తెలుగువాళ్ల సంగతి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి వెళ్లినవాళ్లు రియాద్, జెద్దా, దమ్మాం చుట్టుపక్కల ఎందరో ఉన్నారు. ఎక్కడ పదిమంది తెలుగువాళ్లుంటే అక్కడ ఒక బృందం ఏర్పడుతుంది. ఉగాది జరుపుతుంది, ఆపదలో ఉన్నవాడికి తలా కొంత వేసుకుంటుంది. ఈ చివరి మాట దగ్గరే జాగ్రత్త కావాలి. సంఘం పెట్టడానికి పదిమంది సౌదీ పౌరులు కావాలి కాబట్టి ప్రవాసుల బృందం అక్కడి చట్టం కింద సేవాసంఘం కాలేదు. సౌదీ గ్రాంట్లకు దరఖాస్తు చేసే అర్హత దానికి లేదు. వాట్సాప్‌లో విజ్ఞప్తి పెట్టి ఒకరి ఖాతాలో చందాలు వేయించడం లైసెన్సు లేని వసూలు కిందికి వస్తుంది. శిక్ష జైలు, జరిమానా. విదేశీయుడైతే ఆపైన దేశం నుంచి పంపివేత. సాటివాడి శవాన్ని ఊరికి పంపాలన్న మంచి ఉద్దేశంతో మొదలైన పని ఇంకొకడి బతుకుతెరువు తీయకూడదు.

ప్రవాస బృందాలకు న్యాయమైన ఆసరా భారత రాయబార కార్యాలయంలో ఉంది. భారతీయ సమాజ సంక్షేమ నిధి 2009లో మొదలైంది, దాని మార్గదర్శకాలను 2017లో విస్తరించారు. పాస్‌పోర్టు వంటి సేవల మీద తీసుకునే చిన్న రుసుమే దీనికి ముఖ్య ఆదాయం. అంటే ఇది ప్రవాసి కట్టిన డబ్బే, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఆపదలో ఉన్నవాళ్లకు తిండి, వసతి, విమాన టికెట్టు, అత్యవసర వైద్యం, న్యాయ సహాయం, దిక్కులేని సందర్భంలో మృతదేహం తరలింపు ఈ నిధి నుంచి ఇవ్వవచ్చు. పరిస్థితి విచారించి, నిజంగా లేనివాళ్లకే ఇస్తారు. భారతీయ భాషలు, కళలు నేర్పే తరగతులకు, జాతీయ దినాల వేడుకలకు కూడా మార్గదర్శకాల్లో చోటుంది. పిల్లలకు తెలుగు నేర్పాలనుకునే బృందం తట్టవలసిన తలుపు ఇదే. రియాద్‌లో రాయబార కార్యాలయం, జెద్దాలో కాన్సులేట్ ఈ దరఖాస్తులు చూస్తాయి.

మృతదేహం విషయంలో ముందు అడగవలసింది నిధిని కాదు, కఫీల్‌ను, అంటే పనిలో పెట్టుకున్న యజమానిని. సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణం ప్రకారం కార్మికుడి భౌతికకాయాన్ని స్వదేశానికి పంపే ఖర్చు యజమానిదే. అకామా (నివాస అనుమతి) గడువు తీరి, హురూబ్ (పని వదిలి పారిపోయాడన్న యజమాని ఫిర్యాదు) పడి, కల్లివెల్లి (కాగితాలు లేనివాడు) అయినవాడికి యజమాని మొహం చాటేస్తాడు. అలాంటి సందర్భాల్లోనే సంక్షేమ నిధి అవసరం పడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరు 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయాన్ని 2024లో ఉత్తర్వుగా ఇచ్చింది. ఆ దరఖాస్తుకు కావలసిన కాగితాలు కుటుంబానికి చేరేలా చూడడం, గ్రాంటేమీ లేకుండా ఏ బృందమైనా చేయగల సేవ.

పెద్ద మొత్తం కావలసినప్పుడు ఏం చేయాలో కేరళవాళ్లు చూపించారు. సౌదీలో మరణశిక్ష పడిన కోళికోడ్ వాసిని విడిపించడానికి బాధిత కుటుంబం 1.5 కోట్ల రియాళ్ల దియా, అంటే రక్తపరిహారం, కోరింది. 2024 ఏప్రిల్‌లో సుమారు 34 కోట్ల రూపాయలు ప్రత్యేక యాప్ ద్వారా పోగయ్యాయి. వసూలు ఇండియాలో జరిగింది, సొమ్ము భారత విదేశాంగ శాఖ ద్వారా రియాద్ చేరింది.

సౌదీలో సంపాదించి సొంతూరి సంఘానికి ఇవ్వాలనుకునేవాళ్లకు భారత చట్టం కూడా తెలియాలి. భారత పాస్‌పోర్టున్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లు, విదేశీ సంస్థలు ఇచ్చేది విదేశీ విరాళమే. దానికి 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ కావాలి. సంఘానికి మూడేళ్ల వయసుండాలి, ఆ మూడేళ్లలో సేవ మీద కనీసం 15 లక్షల రూపాయలు ఖర్చు చేసి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాకే రావాలి, ఇంకో సంఘానికి పంచడానికి వీల్లేదు, కార్యాలయ ఖర్చులు 20 శాతం దాటకూడదు. ఊరి గ్రంథాలయానికో బడికో పనిచేసే చిన్న సంఘాలకు ఈ 15 లక్షల గడప చాలా ఎత్తు. ఇంకా అంత ఎదగని సంఘం ఒక నిర్దిష్ట పనికి, నిర్దిష్ట దాత నుంచి తీసుకోవడానికి కేంద్ర హోం శాఖ ముందస్తు అనుమతి కోరవచ్చు.

హుండీ ద్వారా, అంటే బ్యాంకుకు బయటి దారిలో, పంపే డబ్బుకు రెండు దేశాల్లోనూ రక్షణ లేదు. దానం చేయాలనుకునే ప్రవాసికి అకామా ఉంటే ఎహ్సాన్ ఉంది, సమయం ఇవ్వాలనుకుంటే జాతీయ స్వచ్ఛంద సేవా వేదికలో పేరు నమోదు చేసుకోవచ్చు. సాటి తెలుగువాడు ఆపదలో పడ్డప్పుడు చందా మొదలుపెట్టకముందే రాయబార కార్యాలయానికి ఒక దరఖాస్తు పెట్టండి.