క్రీడాకూటములు - చిన్న మహిళా కళాశాలలు : ఒక పరిశీలన

ఒక చేతితో చప్పట్లు మోగవని మన పెద్దలు అంటారు. క్రీడారంగంలో ఈ మాట అక్షరసత్యం. మైదానం ఉండవచ్చు, శిక్షకులు ఉండవచ్చు, ఉత్సాహవంతులైన విద్యార్థినులు ఉండవచ్చు. ఎదుటి పక్షం లేనిదే ఆట లేదు. ఆ ఎదుటి పక్షాన్ని ఎవరు సమకూర్చాలన్న ప్రశ్న మన దేశంలోని కళాశాలలను అంతగా బాధించదు. ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్నామో ఆ విశ్వవిద్యాలయమే అంతర్ కళాశాల పోటీలు జరుపుతుంది. అందులో రాణించినవారి నుండి తన జట్టును ఎంపిక చేసి, భారత విశ్వవిద్యాలయాల సంఘం పక్షాన జరిగే దక్షిణ మండల పోటీలకు పంపుతుంది. కళాశాల చేయవలసిందల్లా జట్టును సిద్ధం చేసి, సకాలంలో పేర్లు పంపి, ప్రయాణపు ఖర్చు భరించడమే.

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పరిస్థితి వేరు. అక్కడి చిన్న కళాశాలలలో అధికభాగం ఏ విశ్వవిద్యాలయానికీ అనుబంధం కావు. తమ పట్టాలను తామే ప్రదానం చేసే స్వతంత్ర సంస్థలు. కనుక ఆటలలో తోడును కూడ అవి స్వయంగా వెదకుకోవలసిందే. ఈ అవసరం నుండి పుట్టినవే "కాన్ఫరెన్సు" అని పిలువబడే క్రీడాకూటములు. ఈ కూటములలో సభ్యత్వం వల్ల ఒనగూడేది ఏమిటి, సభ్యులు ఎందుకు మారుతారు, ఆ మార్పుల వల్ల చిన్న మహిళా కళాశాలలకు ఏమి సంభవించింది అన్న విషయాలను ఈ వ్యాసంలో వివరించదలచాము. దూరదేశపు ముచ్చట మనకెందుకని పాఠకులు భావించరాదు. ఇందులో ప్రస్తావనకు వచ్చే సంస్థలు కొన్ని మన సంస్థవలెనే అల్పసంఖ్యాక వర్గాల విద్యకోసం వెలసినవి.

కూటమి అనగా నేమి?

సాధారణంగా ఒక ప్రాంతంలోని ఎనిమిది, పది కళాశాలలు ఒక ఒడంబడిక చేసుకొని కూటమిగా ఏర్పడతాయి. ఏ వారంలో ఎవరు ఎవరితో, ఎవరి మైదానంలో ఆడాలో సంవత్సరారంభంలోనే నిర్ణయమవుతుంది. న్యాయనిర్ణేతల నియామకం, నియమావళి, ఋతువు చివర జరిగే కూటమి పోటీ అన్నీ ఉమ్మడి బాధ్యతలే. సభ్యులు చుట్టుపట్ల ఉన్నవారైతే విద్యార్థినులు ఉదయం పాఠాలు విని, సాయంకాలం ఆడి, రాత్రికి వసతిగృహం చేరుకోగలరు. దూరస్థులైతే రెండేసి రోజుల చదువు నష్టపోతారు.

ఈ కూటములకు పైన 1906లో స్థాపితమైన నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్ అనే జాతీయ సంఘం ఉన్నది. ఈ సంఘం తన సభ్యసంస్థలను 1973లో మూడు శ్రేణులుగా విభజించింది. మూడవ శ్రేణిలో క్రీడానైపుణ్యాన్ని బట్టి విద్యార్థివేతనం ఇవ్వడం నిషిద్ధం. చిన్న కళాశాలలు ఎక్కువగా చేరినది ఇందులోనే. సభ్యసంస్థల సంఖ్య నాలుగు వందలకు పైబడి, మూడు శ్రేణులలో ఇదే పెద్దదయింది.

మూడవ శ్రేణిలో కూటమి విజేతకు జాతీయ పోటీలలో నేరుగా ప్రవేశం లభిస్తుంది. అయితే ఈ అర్హత దక్కాలంటే ఆ కూటమిలో నిర్ణీత సంఖ్యలో కళాశాలలు ఆ ఆట ఆడుతూ ఉండాలి. చాలాకాలం ఈ సంఖ్య ఏడుగా ఉండేది. ఒకరిద్దరు సభ్యులు తొలగిపోతే మిగిలినవారి జట్లు ఎంత బాగా ఆడినా నేరుగా వెళ్ళే ద్వారం మూసుకుపోయే ప్రమాదం ఏర్పడుతుంది. పొరుగు కళాశాల పాలకవర్గం చేసిన ఒక తీర్మానం మన క్రీడాకారిణుల శ్రమను వ్యర్థం చేయగలదన్నమాట. చిన్న కళాశాలలు కూటముల మార్పును చూచి భయపడడానికి ప్రధాన కారణం ఇదే.

మహిళల సొంత సంఘం

మహిళా క్రీడల చరిత్రలో చిన్న కళాశాలలదే తొలి అడుగు. మసాచుసెట్స్ రాష్ట్రం నార్తాంప్టన్ పట్టణంలోని స్మిత్ మహిళా కళాశాలలో వ్యాయామ శిక్షకురాలుగా ఉన్న సెండా బెరెన్సన్, అప్పుడే పుట్టిన బాస్కెట్‌బాల్ ఆటను యువతులకు అనువుగా మార్చి, 1893 మార్చి నెలలో రెండు తరగతుల మధ్య పోటీ జరిపించారు. ఆ ఆట చూడడానికి పురుషులకు ప్రవేశం లేదు. తరువాత సుమారు ఎనభై ఏళ్ళపాటు మహిళల పోటీలకు పెద్ద సంఘాల ఆదరణ దాదాపు శూన్యం.

1971లో మహిళా అధ్యాపకుల చొరవతో అసోసియేషన్ ఫర్ ఇంటర్‌కాలేజియేట్ అథ్లెటిక్స్ ఫర్ విమెన్ ఏర్పడింది. మరుసటి ఏడు, అనగా 1972లో, ప్రభుత్వ ధనసహాయం పొందే విద్యాసంస్థలలో స్త్రీ పురుష వివక్షను నిషేధించే శాసనం వచ్చింది. "టైటిల్ నైన్" అని ప్రసిద్ధి పొందినది ఇదే. ఆ సంవత్సరమే ఈ మహిళా సంఘం బాస్కెట్‌బాల్‌లో తన మొదటి జాతీయ పోటీ నిర్వహించింది.

ఆ పోటీలో గెలిచిన కళాశాల పేరు ఇమ్మాక్యులేటా. పెన్సిల్వేనియా రాష్ట్రంలో కాథలిక్ సన్యాసినులు నడుపుతూ వచ్చిన చిన్న మహిళా కళాశాల అది. శిక్షకురాలు కాథీ రష్. ప్రయాణానికి చాలినంత ధనం లేక క్రీడాకారిణులు పండ్లు తోముకునే బ్రష్షులు అమ్మి డబ్బు కూడబెట్టారు. అయినా ఎనిమిదిమందిని మాత్రమే పంపగలిగారు. అంతకు కొద్దిరోజుల ముందే ప్రాంతీయ పోటీలో పొరుగున ఉన్న వెస్ట్ చెస్టర్ ప్రభుత్వ కళాశాల చేతిలో 70-38 తేడాతో ఓడినవారు వారు. ఇల్లినాయి రాష్ట్రంలో జరిగిన జాతీయ అంతిమ పోటీలో అదే వెస్ట్ చెస్టర్‌ను 52-48తో ఓడించారు. తరువాత 1973, 1974 సంవత్సరాలలోను వారే విజేతలు. రోజూ తలపడగల పొరుగువారు బలవంతులు కావడం ఒక అదృష్టమని ఈ ఉదంతం చెప్పకనే చెబుతున్నది.

ఈ వైభవం ఎంతోకాలం నిలువలేదు. క్రీడాకారిణులకు విద్యార్థివేతనాలు ఇవ్వరాదన్న నియమాన్ని న్యాయస్థానంలో సవాలు చేయడంతో మహిళా సంఘం 1973లో దానిని సడలించింది. ధనబలం గల విశ్వవిద్యాలయాలు ప్రతిభావంతులను ఆకర్షించసాగాయి. 1981-82 నుండి పురుషుల ఆధిపత్యంలోని జాతీయ సంఘమే మహిళలకు కూడ పోటీలు ప్రారంభించింది. జట్ల ప్రయాణపు ఖర్చు తానే భరిస్తానన్నది. సభ్యసంస్థలు అటు మొగ్గాయి. తొమ్మిది వందలకు పైగా సభ్యసంస్థలతో వర్ధిల్లిన మహిళా సంఘం 1982లో మూతపడింది.

దీనివల్ల లాభం లేదని మేము అనడంలేదు. సౌకర్యాలు పెరిగాయి, ఆడేవారి సంఖ్య పెరిగింది. కాని పెత్తనం చేతులు మారింది. 1972లో మహిళా జట్లకు నూటికి తొంభై పాళ్ళు మహిళలే శిక్షకులు. 2014 నాటికి నూటికి నలభైమూడు మాత్రమే. స్త్రీ పురుష క్రీడలు రెండూ నిర్వహించే కూటములే అధికమైనందున మహిళా కళాశాలకు ఒక కొత్త చిక్కు ఎదురైంది. దానికి పురుషుల జట్లు ఉండవు. పురుషుల పోటీలలో తోడు రాలేని సంస్థకు కూటమి లెక్కలలో సగం విలువే.

రెండు దారులు

ఈ చిక్కును కొన్ని కళాశాలలు తెలివిగా పరిష్కరించుకున్నాయి. ఈశాన్యాన న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో స్మిత్, వెలస్లీ, మౌంట్ హోల్యోక్ మహిళా కళాశాలలు, స్త్రీ పురుషులు కలిసి చదివే మరికొన్ని సంస్థలతో కూడి 1980 దశకంలో కేవలం మహిళల పోటీలకే ఒక కూటమి నిర్మించుకున్నాయి. సభ్యుల సంఖ్యను బట్టి "న్యూ ఇంగ్లండ్ విమెన్స్ ఎయిట్" అని దానికి పేరు. 1998లో ఆ కూటమి పురుషుల పోటీలను కూడ చేర్చుకున్నది. అప్పుడు పెట్టుకున్న పేరులో సైతం మహిళలే ముందు, పురుషులు తరువాత. పునాది వేసినవారి మాట చెల్లుతుందనడానికి ఇది నిదర్శనం.

దక్షిణాన కథ మరొక విధంగా నడిచింది. గ్రేట్ సౌత్ అనే కూటమిలో జార్జియా రాష్ట్రంలోని ఆగ్నెస్ స్కాట్, స్పెల్మన్ వంటి మహిళా కళాశాలలు, ఉభయులకు విద్య నేర్పే కళాశాలలు కలిసి ఉండేవి. 2012, 2013 సంవత్సరాలలో రెండవ రకం కళాశాలలు పెక్కు యు.ఎస్.ఏ. సౌత్ అనే మరింత పెద్ద కూటమికి తరలిపోయాయి. మిగిలిన గ్రేట్ సౌత్ మహిళల పోటీలకే పరిమితమై, మరి కొన్ని ఏళ్ళు కష్టంతో నడిచి, 2016లో రద్దయింది.

స్పెల్మన్ నిర్ణయం

అట్లాంటా నగరంలోని స్పెల్మన్ కళాశాల 1881లో ఒక చర్చి నేలమాళిగలో నల్లజాతి స్త్రీల విద్యకోసం ప్రారంభమైంది. కూటమి చెదరిపోతున్న ఆ సమయంలో ఈ కళాశాల ఒక నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. కొత్త తోడు వెదకుకొని, అందుకు తగిన సదుపాయాలకు మరింత ధనం వెచ్చించాలా? లేక వేరు మార్గం ఆలోచించాలా?

అధ్యక్షురాలు బెవర్లీ డానియల్ టేటమ్ లెక్కలు ముందు పెట్టుకున్నారు. సుమారు 2,100 మంది విద్యార్థినులలో జట్లలో ఆడేవారు దాదాపు 80 మంది. వారికోసం ఏటా వెచ్చిస్తున్నది ఇంచుమించు పది లక్షల డాలర్లు. అనగా ఒక్కొక్కరికి రమారమి పన్నెండు వేల డాలర్లు. మరొకవైపు, నల్లజాతి యువతులలో రక్తపోటు, మధుమేహం వంటి వ్యాధులు చిన్న వయస్సులోనే పొడసూపుతున్నాయి. అందరి ఆరోగ్యమా, కొందరి విజయమా అన్న ప్రశ్న వచ్చింది. 2012లో స్పెల్మన్ తన నిర్ణయం ప్రకటించింది: ఆ విద్యాసంవత్సరంతో అంతర్ కళాశాల పోటీల నుండి విరమించుకొని, ఆ ధనాన్ని విద్యార్థినులందరి వ్యాయామానికి, ఆరోగ్యానికి వినియోగించడం. 2013లో అది అమలయింది.

ఈ నిర్ణయం సమంజసమా? ప్రశంసించినవారు ఉన్నారు, వ్యథ చెందినవారూ ఉన్నారు. ఇరుపక్షాలలోను న్యాయం ఉన్నదని మా అభిప్రాయం. వందమందిలో నలుగురు ఆడుతూ ఉండగా తొంభై ఆరుగురు చూస్తూ కూర్చోవడాన్ని క్రీడావిధానం అనలేము. కాని ఆ నలుగురిని చూచి తానూ పరుగెత్తగలనని తెలుసుకునే బాలిక మాట ఏమిటి? తన కళాశాల పేరు ధరించి పరాయి మైదానంలో నిలబడి, ఓడి, మరల వెళ్ళి ఆడడంవల్ల అలవడే ధైర్యం వ్యాయామశాలలో ఒంటరిగా చేసే కసరత్తువల్ల రాదు. నిజానికి స్పెల్మన్ ముందు ఈ ప్రశ్నను అంత తీవ్రంగా నిలిపినది కూటమి చెదరడమే. ఇరుగుపొరుగు స్థిరంగా ఉండి ఉంటే రెండింటినీ కొంతకాలం జోడించి నడుపగలిగేవారేమో!

ఈ కదలికలు అక్కడితో ఆగలేదు. గ్రేట్ సౌత్ రద్దు కాగా 2016లో యు.ఎస్.ఏ. సౌత్‌లో చేరిన ఆగ్నెస్ స్కాట్, ఆ కూటమి మరీ పెద్దదై 2022లో రెండుగా చీలినపుడు, కాలేజియేట్ కాన్ఫరెన్స్ ఆఫ్ ది సౌత్ అనే కొత్త కూటమిలోకి వెళ్ళవలసి వచ్చింది. 2005లో పురుషులకు కూడ ప్రవేశం కల్పించిన ఇమ్మాక్యులేటా 2018లో అట్లాంటిక్ ఈస్ట్ అనే కూటమి స్థాపక సభ్యులలో ఒకటి. ఆ స్థాపక సభ్యులలోనే వెస్లీ కళాశాల 2021లో వేరొక విశ్వవిద్యాలయంలో విలీనమైంది; కాబ్రీని విశ్వవిద్యాలయం 2024లో మూతపడింది. విద్యార్థుల సంఖ్య తరిగి, ధనం కొరవడి చిన్న కళాశాలలు కనుమరుగవుతుంటే, బ్రతికి ఉన్నవి మళ్ళీ మళ్ళీ కొత్త తోడును వెదకుకొంటున్నాయి.

మనకు పాఠం

మన దగ్గర ఇట్టి మార్పులు లేకపోలేదు. 2008లో పాలమూరు విశ్వవిద్యాలయం ఏర్పడినపుడు, అంతవరకు ఉస్మానియాకు అనుబంధంగా ఉన్న మహబూబ్‌నగర్ జిల్లా కళాశాలలు కొత్త గొడుగు క్రిందికి వచ్చాయి. పాలన మారితే పోటీ పడేవారూ మారతారు. తేడా ఏమంటే, మనకు ఏదో ఒక గొడుగు ఎప్పుడూ ఉంటుంది. ఆ ధీమావల్లనే కావచ్చు, ఏటా ఒకమారు జరిగే విశ్వవిద్యాలయ పోటీతో తృప్తిచెంది, మిగిలిన నెలలు మైదానాన్ని మరచిపోతున్నాము. మొదటి ఆటలోనే ఓడిన బాలికల జట్టుకు ఆ ఏడాదికి క్రీడ ముగిసినట్లే.

అల్పసంఖ్యాక వర్గాలు తమ విద్యాసంస్థలను స్థాపించుకొని నడుపుకొనే హక్కును మన రాజ్యాంగం 30వ అధికరణం ప్రసాదించింది. ఆ హక్కు మన భాషను, సంస్కృతిని కాపాడుతుంది. అయితే స్వంత ఇల్లు కట్టుకున్నంత మాత్రాన ఇరుగుపొరుగు అక్కరలేకుండా పోదు. ఇమ్మాక్యులేటా సన్యాసినులు తమ మతనిష్ఠను వీడకుండానే ప్రభుత్వ కళాశాలతో తలపడి పేరు గడించారు.

కావున కళాశాల కమిటీవారికి మేము సవినయంగా విన్నవించదలచినవి రెండు. మొదటిది, చుట్టుపట్ల ఉన్న నాలుగైదు కళాశాలలతో సంవత్సరారంభంలోనే మాట్లాడుకొని, బాలికలకు స్నేహపూర్వక పోటీల పట్టిక ఒకటి సిద్ధం చేయడం. దీనికి పెద్ద ధనం అక్కరలేదు. మాట నిలుపుకొనడం కావాలి. రెండవది, జట్టులో చోటు లభించని విద్యార్థినులకు కూడ వారానికి కొన్ని గంటలు మైదానాన్ని కేటాయించడం. మొదటిది న్యూ ఇంగ్లండ్ కళాశాలల నుండి, రెండవది స్పెల్మన్ నుండి నేర్వదగిన పాఠం. ఒకటి చేసి వేరొకటి మానవలసిన దుస్థితి మనకు ఇంకా రాలేదు. అది రాకముందే మేల్కొనడం వివేకం.

సోదరీమణులారా! కమిటీవారు మైదానం చూపగలరు, ఎదుటి పక్షాన్ని పిలువగలరు. ఆడవలసినది మాత్రం మీరే.