చలిమంట గూటి కొయ్య

ఎలెక్ట్రిక్ గిటారును వినోదమునకై ఇంటనే చేసికొనువారు పాశ్చాత్య దేశములలో నేటికిని పెక్కురు. వారిలో పలువురు మెచ్చి చెప్పుకొను వాద్యము ఒకటి ఇంగ్లండులో కలదు. దానిని చేసినవారు ఒక తండ్రీ, కొడుకూ.

1963 ఆగస్టు. లండను చెంతనున్న ఫెల్తమ్‌లో 16 ఏండ్ల బ్రయాన్ మేకు ఆ వాద్యముపై మనసు పోయినది. పేరున్న గిటారు కొను స్తోమత ఆ యింట లేదు. తండ్రి హెరాల్డ్ ఎలెక్ట్రానిక్స్ ఇంజనీరు. రేడియోల వంటివి స్వయముగా కూర్చుకొను అలవాటు గలవాడు. ఇరువురును పనికి పూనుకొన్నారు.

వాద్యపు మెడకు దొరికినది నూరేండ్లు దాటిన ఒక చలిమంట గూటి మహాగని కొయ్య. పురుగు తొలిచిన రంధ్రములను అగ్గిపుల్లలతో పూడ్చినారు. దేహములో కొంత పాత ఓకు బల్ల చెక్క. మెట్ల నడుమ గుర్తులు తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు. స్వరమును ఊగించు మీట కొసకు ఆమె అల్లిక సూది తునకయే అమరినది. ఆ మీటను మరల యథాస్థానమునకు తెచ్చు స్ప్రింగులు 1928 నాటి పాంథర్ మోటారు సైకిలువి! ఇంటిలో ఏ వస్తువును వారు విడిచిపెట్టినట్లు లేదు.

ఇక నాదము. వీణలో తంత్రి కంపనమునకు కుండ బలమిచ్చును. ఇచ్చట ఆ పని విద్యుత్తుది. అయస్కాంతము చుట్టూ సన్నని రాగితీగను వేల చుట్లు చుట్టి ఉక్కు తంత్రుల క్రింద అమర్తురు. తంత్రి కదలినపుడు అయస్కాంత క్షేత్రము మారి, తీగచుట్టలో విద్యుత్తు పుట్టును. ఫారడే 1831లో కనుగొన్న సూత్రమే ఇది. మన విద్యార్థులు బడిలో చదువునదే. మే ఈ చుట్టలను కూడ మొదట తానే చేసినాడు. కాని తంత్రిని ప్రక్కకు లాగినపుడు వింత రొద వచ్చుటచే, తరువాత బర్న్స్ కంపెనీవి కొని పెట్టినాడు. మొత్తము ఖర్చు సుమారు 8 పౌండ్లు. పట్టిన కాలము రెండేండ్లు.

ఆ గిటారే పిమ్మట ఇంట కలత తెచ్చినది. ఇంపీరియల్ కాలేజీలో భౌతికశాస్త్రము చదివి, గ్రహముల నడుమనున్న ధూళిపై పరిశోధన సాగించుచున్న మే, 1974లో దానిని విడిచి ‘క్వీన్’ వాద్యబృందముతో పోయినాడు. చదువంతయు వృథాయైనదని తండ్రి నొచ్చుకొన్నాడు. కొంతకాలము వారి నడుమ మాటలే లేవు. తాను చెక్కిన కొయ్యయే కొడుకును దారి తప్పించినదని ఏ తండ్రికైనను తోచును గదా. 1977లో హెరాల్డ్ న్యూయార్కు వచ్చి, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వేలమంది నడుమ ఆ గిటారు విన్నాడు. కచేరీ ముగిసిన పిదప కొడుకు చేయి పట్టుకొని, ఇప్పుడు తనకు తెలిసినదన్నాడు.

విడిచిన పరిశోధనను మే ముప్పది యేండ్లు గడచిన పిమ్మట మరల చేపట్టి, 2007లో డాక్టరేటు పొందినాడు. హెరాల్డ్ 1988లోనే గతించినాడు.