మంచుకొండలలో వేసవి విడిది: యాత్రికులు గమనింపవలసిన ఆరోగ్య విషయములు

వైశాఖమాసము వచ్చుసరికి తెలుగునాట వడగాడ్పులు వీచును. పాఠశాలలకు సెలవులు గూడ తోడగుటచే అనేక కుటుంబములు చల్లని కొండసీమలకు ప్రయాణమగుచుండును. వీరిలో కొందరు హిమాచల ప్రదేశమునందలి మనాలి చేరి, అటనుండి లాహౌల్ లోయ మీదుగా లడఖ్ నందలి లేహ్ పట్టణమునకు పోవుదురు. ఈ మార్గము మిక్కిలి రమణీయము. దేవదారు వనములు వెనుకబడిన పిమ్మట చెట్టుచేమలు లేని రంగురంగుల కొండలు, తాండి వద్ద చంద్రా, భాగా నదుల సంగమము, దారి ప్రక్కన యాత్రికుల గుడారములు కనువిందు చేయును. కాని ఇచ్చటి ముఖ్యమైన అపాయము మాత్రము కంటికి కానరాదు. అదియే పలుచని గాలి.

పలుచని గాలి యనగా నేమి?

గాలిలో ప్రాణవాయువు పాలు సముద్రతీరమున నెంతయో కొండశిఖరమునను అంతయే: నూటికి ఇంచుమించు 21 వంతులు. అయితే ఎత్తునకు పోయినకొలది గాలి పీడనము తగ్గును. సుమారు 3,500 మీటర్ల ఎత్తున నున్న లేహ్‌లో ఒక్కొక్క శ్వాసకు లభించు ప్రాణవాయువు, సముద్రమట్టమున లభించుదానిలో మూడింట రెండు వంతులు మాత్రమే. ఈ కొరతకు శరీరము అలవాటుపడగలదు. శ్వాస వేగమగును, గుండె త్వరగా కొట్టుకొనును, క్రమముగా రక్తమునందు ఎఱ్ఱకణములు వృద్ధి చెందును. కాని ఈ మార్పులకు దినములు, వారములు పట్టును.

సాధారణముగా 2,500 మీటర్లు దాటిన పిమ్మటనే ఈ జబ్బు కనబడును. అరకు, హార్స్‌లీ కొండలు, ఉదకమండలము అంతకంటె తక్కువ ఎత్తున నున్నవి. కావున ఊటీకి పోయి సుఖముగా తిరిగివచ్చితిమను ధీమా ఇచ్చట పనికిరాదు. దేహబలము గూడ రక్షింపజాలదు. ఇందర్ సింగ్ మొదలగు భారతీయ వైద్యులు 1969లో ప్రకటించిన ప్రసిద్ధ పరిశోధన 1,925 మంది సైనికుల అనుభవముపై ఆధారపడినది. వ్యాయామము చేసిన సైనికులకే తప్పని వ్యాధి సామాన్య యాత్రికునికి తప్పునని తలంపరాదు.

లక్షణములు

ఎత్తైన చోటు చేరిన కొన్ని గంటలకు తలనొప్పి, వికారము, ఆకలి మందగించుట, తల తిరుగుట, నిస్సత్తువ, నిద్రలేమి కలుగును. పలువురు దీనిని ప్రయాణపు బడలికయని భావించి, తోటివారి ఉల్లాసమునకు భంగము కలుగునని దాచుకొందురు. ఇది పొరపాటు. ఉన్నచోటనే విశ్రమించినచో ఈ లక్షణములు చాలమందికి ఒకటి రెండు దినములలో తగ్గును. లెక్కచేయక పైకెక్కినచో ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చును, మెదడు వాయవచ్చును.

కదలక కూర్చున్నను ఆయాసము, విడువని దగ్గు, పెదవులు నీలివర్ణమగుట మొదటిదానికి గుర్తులు. మాట తడబడుట, మతి చలించుట, తూలి నడచుట రెండవదానికి గుర్తులు. రోగిని మడమకు వ్రేలు తాకునట్లు తిన్నని గీతపై నడిపించినచో తూలుట తెలియును. ఇట్టి గుర్తులు కనబడినచో తెల్లవారువరకు వేచియుండక, తోడునిచ్చి, వెంటనే క్రిందికి దింపవలెను. ప్రాణవాయువు సిలిండరు, మందులు మేలు చేయునవే. కాని అవి యున్నవని దిగుట మానరాదు. కేలాంగ్, లేహ్ పట్టణములందు ప్రభుత్వ వైద్యశాలలు కలవు.

తొందర తగదు

2020 అక్టోబరులో అటల్ సొరంగము తెరువబడినది. సుమారు 9 కిలోమీటర్ల పొడవుగల ఈ సొరంగము వలన రోహ్‌తాంగ్ కనుమ ఎక్కనక్కరలేకయే లాహౌల్ చేరవచ్చును. దారి తగ్గినది గాని, శరీరమునకు కావలసిన వ్యవధి తగ్గలేదు. ఉదయము 2,050 మీటర్ల ఎత్తుగల మనాలిలో బయలుదేరినవారు ఆ రాత్రియే సుమారు 4,300 మీటర్ల ఎత్తుగల సర్చు గుడారములలో పరుండగలుగుచున్నారు. అచట జబ్బుపడినచో మరియొక చిక్కు కలదు: సర్చు కనుమల నడుమ నుండుటచే, క్రిందికి దిగవలెనన్నను ముందు కనుమ ఎక్కవలెను.

3,000 మీటర్లు దాటిన పిమ్మట, పరుండు స్థలము ఒక దినమునకు 500 మీటర్లకంటె పెరుగకుండుట, మూడు నాలుగు దినములకొకసారి ఆగి విశ్రమించుట వైద్యులు చెప్పు నియమము. శ్రీనగరము (1,585 మీటర్లు), కార్గిల్ (సుమారు 2,700) మీదుగా లేహ్ చేరి, అచట అలవాటుపడిన పిదప మనాలి మార్గమున దిగివచ్చుట మేలు. విమానమున లేహ్‌లో దిగినవారు మొదటి రెండు దినములు విశ్రమింపవలెను. గుండెజబ్బు, ఊపిరితిత్తుల వ్యాధి గలవారు, గర్భిణులు ముందుగా వైద్యుని సంప్రదింపవలెను. అసిటజోలమైడ్ మాత్రలను వైద్యుని సలహాపై మాత్రమే వాడవలెను. మద్యము, నిద్రమాత్రలు కూడవు.

గుడారమునందు, నదీతీరమునందు

చలికి తాళలేక మూసిన గుడారములో బొగ్గుల కుంపటి గాని, పొయ్యి గాని ఉంచుకొనుట ప్రాణాపాయము. దానినుండి వెలువడు కార్బన్ మోనాక్సైడ్ విషవాయువునకు రంగు, వాసన లేవు. నిద్రలోనే ప్రాణము పోవును. సర్చు వంటి చోట్ల నీరు 86 డిగ్రీల సమీపముననే మరుగును. అందుచే పప్పు, బియ్యము ఉడుకుటకు ప్రెషర్ కుక్కరు అవసరము. త్రాగునీరు మూడు నిమిషములు తెర్లనిచ్చినచో రోగక్రిములు నశించును.

మధ్యాహ్నమునకు మంచు కరిగి వాగులు పొంగును గనుక వాటిని ఉదయమే దాటవలెను. నదిగర్భమున గుడారము వేయరాదు. రాళ్లపై నిలిచి ఛాయాచిత్రములు తీసుకొనరాదు. 2014 జూన్ 8న హైదరాబాదునుండి విహారయాత్రకు వెళ్లిన 24 మంది ఇంజనీరింగు విద్యార్థులు, మండీ జిల్లాలో బియాస్ నదియందు నిలిచియుండగా, ఎగువ ఆనకట్టనుండి విడువబడిన నీటిలో కొట్టుకొనిపోయి మరణించిరి. క్షణకాలము ముందు ఆ నది శాంతముగనే యుండెను.

కొండలు ఎక్కడికిని పోవు. ఈ యేడు చూడలేని కనుమను మరుయేడు చూడవచ్చును. మెల్లగా ఎక్కవలెను, జబ్బుపడినచో దాచక చెప్పవలెను, జబ్బు ముదిరినచో వెంటనే దిగవలెను. ఈ మూడు నియమములు పాటించు యాత్రికులు మంచుకొండల సౌందర్యమును అనుభవించి, క్షేమముగా ఇల్లు చేరగలరు.