వాట్టు: మనిషి పేరు, మోటారు లెక్క

మోటారు కొనబోవు రైతు దుకాణమందు మొదట అడుగునది హార్సుపవరు ఎంత యని. మోటారునకు బిగించియుండు రేకును చదివినచో ఆ ప్రక్కనే కిలోవాట్టు అను మఱియొక మాటయు కానవచ్చును. 5 హార్సుపవరు మోటారుపై 3.7 కిలోవాట్టులని యుండును. ఈ రెండు మాటలకును మూలపురుషుడు ఒక్కడే. హార్సుపవరు ఆయన వేసిన లెక్క. వాట్టు ఆయన యింటిపేరు. ఇంగ్లీషువారు కొలతను చిన్న యక్షరముతోను, మనిషిని పెద్ద యక్షరముతోను మొదలిడి భేదము చూపుదురు. మన లిపిలో ఆ సౌకర్యము లేదు గావున, ఇచట మనిషిని వాట్ అనియు, కొలతను వాట్టు అనియు వ్రాయుచున్నాను.

జేమ్సు వాట్ 1736లో స్కాట్లండు దేశమందలి గ్రీనక్ అను రేవుపట్టణమున జన్మించెను. గ్లాస్గో విశ్వవిద్యాలయమున పరికరములు చేయుటయు, బాగుచేయుటయు ఆయన వృత్తి. కెటిలు మూత యెగురుట చూచి ఆవిరి యంత్రమును కనిపెట్టెనని పిల్లలకు చెప్పు కథ నమ్మదగినది కాదు. ఆయన పుట్టుటకు ముందే, 1712లో, న్యూకొమెన్ అను నాతడు బొగ్గుగనిలోని నీటిని తోడుటకు ఆవిరి యంత్రమును నిలిపెను. నేడు మన మోటార్లు చేయు పనియే ఆ యంత్రము నాడు చేసినది. అయితే అది బొగ్గును విపరీతముగా తినెడిది. ఒకే సిలిండరును ఆవిరితో వేడిచేయుట, వెంటనే చన్నీటితో చల్లార్చుట, మరల వేడిచేయుట! అట్టి నమూనా యంత్రమొకటి బాగుచేతకు రాగా వాట్ ఈ దుబారాను గమనించెను. ఆవిరిని చల్లార్చుటకు వేరొక పాత్ర యుండవలెనని 1765లో ఆయనకు తోచెను. 1769లో దానికి హక్కుపత్రము పొంది, 1775 నుండి మాథ్యూ బౌల్టన్ అను కర్మాగారపు యజమానితో కలిసి యంత్రములు చేయించి యిచ్చుచుండెను.

వారి బేరము విలక్షణమైనది. పాత యంత్రముతో పోల్చగా మిగిలిన బొగ్గు వెలలో మూడవ వంతు తమకు చెల్లింపుమనిరి. గనుల యజమానులు గొణుగుచునే చెల్లించిరి. కాని పిండిమరల వారికిని, సారాయి బట్టీల వారికిని పాత యంత్రమే లేదు. వారు గుఱ్ఱములతో మర త్రిప్పించువారు. "నీ యంత్రము ఎన్ని గుఱ్ఱములకు సాటి?" యనునదే వారి ప్రశ్న. వాట్ 1782లో దీనికి లెక్క కట్టెను. గుఱ్ఱము మన గానుగ యెద్దు వలె 24 అడుగుల వ్యాసము గల చుట్టున తిరుగును. చుట్టుకొలత ఉరామరిగా 72 అడుగులు. నిమిషమునకు రెండున్నర చుట్లు, అనగా 180 అడుగుల నడక. లాగు బలము 180 పౌనులు. హెచ్చవేయగా 32,400. మరుసటి యేట దానిని 33,000 చేసెను. 33,000 పౌనుల బరువును నిమిషమున ఒక అడుగు ఎత్తగలుగుటయే ఒక హార్సుపవరు. సామాన్యమైన గుఱ్ఱము దినమంతయు ఇంత పని చేయలేదు. కొన్నవాడు తక్కువైనదని తగవు పెట్టుకొనుటకు వీలులేని లెక్క యిది.

వాట్ 1819లో మరణించెను. విద్యుత్తుతో ఆయనకు పనియే లేదు. 1882లో బ్రిటిషు విజ్ఞాన సభకు అధ్యక్షుడైన విలియం సీమెన్సు విద్యుచ్ఛక్తి కొలతకు ఆయన పేరు పెట్టవలెనని సూచించెను. 1960లో ఏర్పడిన అంతర్జాతీయ కొలమానములలో ఆ పేరు స్థిరపడెను. ఒక హార్సుపవరు సుమారు 746 వాట్టులు.

ఇచట ఒక సంగతి స్పష్టముగా నెఱుగవలెను. వాట్టు పని యొక్క మొత్తము కాదు, పని జరుగు వేగము. ఒకే తోటకు ఒకే నీటిని ఎడ్లు మోటతో దినమంతయు తోడినను, మోటారు గంటలో తోడినను పని సమానమే, వేగము వేఱు. పని యొక్క మొత్తమును యూనిట్టులలో లెక్కింతురు. 1,000 వాట్టుల చొప్పున ఒక గంట నడచిన ఒక యూనిట్టు.

సెకనుకు ఒక లీటరు నీటిని ఒక మీటరు పైకెత్తుటకు సుమారు 10 వాట్టులు కావలెను. 30 మీటర్ల లోతునకు 300 వాట్టులు. 5 హార్సుపవరు, అనగా 3,730 వాట్టులు, ఏమియు వృథా కానిచో సెకనుకు 12 లీటర్లు తేవలెను. పంపునందును గొట్టములందును సగము పోయినదనుకొన్నచో 6 లీటర్లు. లోతు 60 మీటర్లైనచో మూడే. రేకుపై నున్న అంకె మోటారు బయటికిచ్చు శక్తి. తీగ నుండి అది తీసికొనునది అంతకు హెచ్చు.

ఈ లెక్కలో బోరులోని ఊట ఎక్కడను లేదు. ఊట సెకనుకు 3 లీటర్లే యున్నచోట ఏడున్నర హార్సుపవరు దింపినను నాలుగవ లీటరు రాదు. నీరు అడుగంటి, మోటారు ఉత్తగా తిరిగి కాలిపోవును. ఇది ఒకరి నష్టము. ట్రాన్సుఫార్మరు సంగతి అట్లు కాదు. దానిని నమోదైన మోటార్ల మొత్తమును బట్టి బిగింతురు. పదిమంది 5 అని వ్రాయించి ఏడున్నర నడపినచో, 37 కిలోవాట్టుల మోటార్లకని నిలిపిన దానిపై 56 కిలోవాట్టుల మోటార్లు పడును. అది కాలినప్పుడు, ఉన్నది ఉన్నట్లు వ్రాయించిన పదునొకండవవాని వరిమడియు ఎండును. మన రెండు రాష్ట్రములందును సేద్యపు విద్యుత్తు పెక్కుమందికి ఉచితమగుటచే బిల్లు రాదు. ఈ హెచ్చు బిల్లులో కనబడదు.

పాత మోటారును మార్చువారు క్రొత్తదాని రేకుపై నున్న కిలోవాట్టుల అంకెను వ్రాసికొని, విద్యుత్ కార్యాలయమున తమ పేర నున్న అంకెతో సరిచూచుకొనవలెను. హెచ్చుగా నున్నచో మోటారును బోరులో దింపకముందే అర్జీ పెట్టుకొనవచ్చును.